వేకువ నుంచి పవ్వళింపు దాకా...

శంషాబాద్ విమానాశ్రయ పరిసరాలకు వెళ్లేవారికి హిమాయత్ సాగర్ జలాశయం కనువిందు చేస్తుంది. 1908లో మూసీ వరద భాగ్యనగరాన్ని ముంచెత్తిన తర్వాత, అటువంటి విపత్తు మళ్లీ రాకూడదని ఈసీ నదిపై కట్టి 1927లో పూర్తి చేసిన జలాశయమిది. నాడు ప్రాణాలు తీసిన నీరే తర్వాత నగరవాసుల దాహం తీర్చింది. ఉదయాన్నే కుళాయి తిప్పి చెంబు నింపుకొనే వేళ ఆ గంగమ్మకు మనసులోనైనా నమస్కరించే వారెందరు?

ఈ జలాశయానికి చేరువలోనే, గండిపేట చెరువు పక్కన చిలుకూరు బాలాజీ ఆలయం ఉంది. కోరిక విన్నవించుకొనేందుకు 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన తర్వాత 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. అడిగినదానికన్నా ఎన్నో రెట్లు కృతజ్ఞత తెలపాలన్న మాట. మరి కోరిక తీరని రోజున ఏం చేయాలి? ఏ వరమూ అందని మామూలు రోజున స్వామితో ఏమని చెప్పుకోవాలి? ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా నిలిపిన మహనీయుడు తాళ్ళపాక అన్నమాచార్యులు.

అన్నం పెట్టిన తల్లి

నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు 1408లో, రాజంపేట సమీపంలోని తాళ్ళపాకలో అన్నమయ్య జన్మించారు. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్ర మనకు ఎన్నో విశేషాలను అందిస్తోంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన ఆ బాలుడు ఒకనాడు పశువులకు గడ్డి కోస్తూ వేలు కోసుకున్నాడట. ఆ బాధలో, తనకు నిజమైన బంధువు శ్రీహరి ఒక్కడేనని తోచింది. ఎదురైన యాత్రికులతో కలిసి తిరుమలకు బయలుదేరాడు.

ఆకలితో, అలసటతో కొండ ఎక్కలేక మోకాళ్ల పర్వతం వద్ద సొమ్మసిల్లిపోయాడు. అలమేలుమంగమ్మ దర్శనమిచ్చి, పాదరక్షలు విడిచి కొండ ఎక్కమని చెప్పి, ప్రసాదం తినిపించిందని ప్రతీతి. తేరుకున్న ఆ బాలుడు ఆశువుగా ఆ తల్లిపై శతకం చెప్పాడు. ఆయన కవితా జీవితం ఆకలి తీర్చిన చేతికి మొక్కడంతో మొదలైందన్న మాట.

రోజుకొక్క పాటైనా

పదహారవ ఏట, 1424లో, ఆయన సంకీర్తనా యజ్ఞం ఆరంభించారు. 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పరమపదించే వరకు అది ఆగలేదు. మొత్తం 32 వేల సంకీర్తనలు రచించారని పెద్దలు చెబుతారు. 79 ఏళ్లకు లెక్కిస్తే రోజుకు ఒకటికి మించే ఉంటుంది. ఆయన రోజులన్నీ పండుగలు కావు. అయినా పాట లేని రోజు గడవలేదు.

స్వామిని మేలుకొలపడానికి ఒక పాట, మంగళస్నానానికి ఒకటి, ఆరగింపునకు ఒకటి, ఉయ్యాలకు ఒకటి, పవ్వళింపునకు జోలపాట. అవన్నీ కృతజ్ఞతా గీతాలే కావు. వాటిలో వేదన ఉంది, పశ్చాత్తాపం ఉంది, అలకా ఉంది. కానీ ప్రతి ఘడియనూ స్వామి సన్నిధిలో నివేదించడం వాటన్నిటిలోనూ కనిపిస్తుంది.

ఇతర మతాలలోనూ ఈ సాధన ఉంది. యూదులు రోజుకు వంద మార్లు భగవంతుని స్తుతించాలని నియమం పెట్టుకున్నారు. రబ్బీ మేయీర్ అనే గురువు బోధగా ఇది వారి తాల్ముద్ గ్రంథంలో ఉంది. కన్ను తెరవగానే, రొట్టె విరిచే ముందు, ఉరుము విన్నప్పుడు, హరివిల్లు చూసినప్పుడు, ఇలా ఒక్కో సందర్భానికి ఒక్కో స్తుతి ఉంటుంది.

సంకెళ్లలోనూ...

ఈ సాధనకు పరీక్ష కూడా ఎదురైంది. అన్నమయ్యను అభిమానించిన సాళువ నరసింహరాయలు తనపైనా ఒక కీర్తన చెప్పమని కోరాడు. హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తించలేనని అన్నమయ్య నిరాకరించారు. ఆగ్రహించిన రాజు ఆయనను సంకెళ్లతో బంధించాడు. ఆ స్థితిలో ఆయన ఆశ్రయించింది మళ్లీ పాటనే. స్వామిని వేడుకోగా సంకెళ్లు వీడిపోయాయని, రాజు పశ్చాత్తాపంతో పాదాలపై పడ్డాడని చరిత్ర చెబుతోంది. ప్రతిరోజూ పలకరించే భక్తునికి ఆపదలో పిలవడానికి కొత్త పరిచయం అక్కరలేదు కదా!

ఆయన తదనంతరం కుమారుడు పెదతిరుమలాచార్యులు ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించారు. శతాబ్దాలపాటు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో మరుగున ఉన్న ఆ రేకులు 1922లో వెలుగు చూశాయి. నేటికీ శ్రీవారిని మేలుకొలిపే వేళ, ఏకాంత సేవలో తాళ్ళపాక వారి గానం స్వామికి వినిపిస్తూనే ఉంది.

మనం అన్నమయ్యలం కాలేకపోవచ్చు. కానీ లేవగానే అరచేతులు చూసుకొని నమస్కరించడం, నేలపై కాలు మోపే ముందు భూమాతను క్షమించమని వేడుకోవడం, అన్నం ముద్ద నోట పెట్టే ముందు దైవాన్ని స్మరించడం, సంధ్యవేళ దీపానికి మొక్కడం మన పెద్దలు నేర్పినవే. వరం అందినప్పుడు 108 ప్రదక్షిణలు చేద్దాం. అందని రోజున కూడా, రేపటి ఉదయం తొలి చెంబెడు నీటికి ఒక్క నమస్కారం చేద్దాం. ఆ ఒక్కటీ అలవాటైతే తక్కినవి వాటంతట అవే వస్తాయి.