మైకేల్ సార్స్: సాగరతీరపు శాస్త్రజ్ఞుడు

గౌతమీ తీరాన గల మన రావులపాలెం నుండి సముద్రం ఎంతో దూరం లేదు. అంతర్వేది, ఓడలరేవు తీరాలకు వెళ్ళినవారు ఇసుకపై పడివున్న జెల్లీ చేపలను చూచి ఉండవచ్చు. ఎముక గాని మెదడు గాని లేని ఆ ప్రాణి ఎట్లా పుట్టి పెరుగుతుందో లోకానికి తెలియజెప్పిన మహనీయుడు మైకేల్ సార్స్. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

సార్స్ 1805 ఆగష్టు 30వ తేదీన నార్వే దేశంలోని బెర్గెన్ నగరంలో జన్మించారు. క్రిస్టియానియా, అనగా నేటి ఓస్లో, విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం అభ్యసించారు. 1831లో కిన్ అనే తీరగ్రామంలోనూ, 1840లో మాంగెర్‌లోనూ చర్చి గురువుగా నియమితులైనారు. పెద్ద సంసారం, విశ్వవిద్యాలయానికి దూరం. అయినను తీరిక చిక్కినప్పుడెల్లా సముద్ర జీవులను పరిశీలించేవారు.

1829లోనే ఆయన సైఫిస్టోమా, స్ట్రోబిలా అనే రెండు నూతన జీవులను వర్ణించి వాటికి పేర్లు పెట్టారు. కాని పరిశీలన అంతటితో ఆపలేదు. ఆ రెండూ వేర్వేరు జీవులు కావనీ, మొదటిదే ఎదిగి రెండవదిగా మారుతుందనీ 1835లో తామే ప్రకటించారు. 1841 నాటికి ఆరీలియా అనే జెల్లీ చేప జీవితచక్రమంతా వెల్లడి చేశారు.

ఆ చక్రం అద్భుతమైనది. ఆరీలియాలో ఆడ, మగ జీవులు వేరు. గుర్రపు లాడం ఆకారంలోని నాలుగు బీజకోశాలు పారదర్శకమైన గొడుగు గుండా కనిపిస్తాయి. మగజీవి నీటిలో విడిచిన శుక్రకణాలు ఆడజీవిని చేరి అండాలను ఫలదీకరిస్తాయి. తల్లి నోటి బాహువులపై పెరిగిన పిండాలు ప్లాన్యులా డింభకాలై, శైలికలతో ఈదుతూ పోయి రాతిని అంటుకొంటాయి. అక్కడ ప్రతి డింభకమూ స్పర్శకాలు గల చిన్న పాలిప్‌గా మారుతుంది. అదే సైఫిస్టోమా. పిదప దాని దేహం పళ్ళేలు దొంతరగా పేర్చినట్లు అడ్డంగా విభజన చెందుతుంది. అదే స్ట్రోబిలా. ఒక్కొక్క పళ్ళెం విడివడి ఎఫిరాగా ఈదిపోయి, క్రమంగా పెరిగి, బీజకోశాలు పరిపక్వమై మరల సంతానాన్ని కంటుంది. ఒక తరం లైంగికం, మరొకటి అలైంగికం. ఇట్టి పరిశీలనల ఆధారంగా డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్ 1842లో ఏకాంతర తరాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు.

1854లో సార్స్ క్రిస్టియానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైనారు. 1864లో కుమారుడు జార్జ్ ఒసియాన్ సార్స్ లోఫోటెన్ దీవుల వద్ద సుమారు 300 బారల లోతునుండి కాడగల సముద్ర లిల్లీ జీవిని వెలికితీయగా, తండ్రి దానిని వర్ణించారు. అంతటి లోతులో ప్రాణి ఉండదన్న అభిప్రాయం వమ్మయింది. 1869 అక్టోబరు 22న సార్స్ కన్నుమూశారు.

తాము పేరుపెట్టిన రెండు జీవులూ ఒక్కటేనని తామే చాటడానికి ఆయన సంకోచించలేదు. పేరు నిలుపుకోవడం కంటె సత్యం నిలుపుకోవడమే మిన్న అని తలచారు. మారుమూల గ్రామంలో ఉండి, కేవలం ఓర్పుతో ఆయన సాధించినది మన గ్రామీణ విద్యార్థులకు గొప్ప ధైర్యం. విశ్వవిద్యాలయం దూరమైనంత మాత్రాన విద్య దూరం కాదని గ్రహించాలని మా ఆకాంక్ష.