గర్భిణుల మాత్ర వెనుక భీమవరం బిడ్డ

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గర్భిణులకు నర్సమ్మలిచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. అందులో యల్లాప్రగడ సుబ్బారావుగారి శ్రమ ఉంది.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే విరేచనాల వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొంది. 1923లో అమెరికా వెళ్ళి మరి తిరిగి రాలేదు.

1928 నుండి లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు కార్మికులైన గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని కనుగొన్నారు. అందులోని మందు ఏమిటో అప్పటికి అంతుచిక్కలేదు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందం తయారుచేసింది. స్ప్రూకు కూడా అదే మందయింది! 1948లో ఆయన కన్నుమూశారు. నోబెల్ రాలేదన్నది నాకు పెద్ద లోటుగా తోచదు.

గర్భానికి ముందునుండే ఇది వాడితే శిశువుకు వెన్నెముక లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో రుజువైంది. కడుపులో తిప్పుతోందని, విరేచనం నల్లగా అవుతోందని మాత్రలు మానేసే తల్లులున్నారు. ఆ నలుపు ఐరన్ వల్లనే, భయం లేదు.