మలారం దించిన తాతయ్య

మన కోలారు సీమలో కైవారం తాతయ్య పటం చాలా ఇళ్ళల్లో దేవుడి గూట్లో ఉంటుంది. పూలు పెట్టి దండం పెట్టుకునే మనిషి గురించి రాయడం కొంచెం కష్టమే. పటంలోకి ఎక్కినాక ఆయన ఏం తిన్నాడు, ఎట్లా బతికాడు అని ఎవరూ అడగరు. కానీ ఈ తాతయ్య యోగి కాకముందు ఊరూరూ తిరిగి గాజులు అమ్మినవాడు. నాకు ఆ గాజుల నారాయణప్పను గురించి రాయాలని చాలా రోజులుగా ఉంది.

కైవారం ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలో ఉంది. 2007 దాకా అది కోలారు జిల్లానే, కాబట్టి తాతయ్య మనవాడు అనుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఆ ఊరివాళ్ళ నమ్మకం. ఊళ్ళో అమర నారాయణస్వామి గుడి ఉంది. ఆ ఊళ్ళోనే 1726లో, గాజులమ్మే బలిజ కుటుంబంలో, కొండప్ప, ముద్దమ్మ దంపతులకు నారాయణప్ప పుట్టాడని చెప్తారు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. కులవృత్తి ఒక్కటే చేతిలో మిగిలింది.

అది ఎట్లాంటి కాలమో చూడండి. మన పక్క బూదికోటలో పుట్టిన హైదర్ అలీ మైసూరును ఏలుతున్నాడు. 1768లో ఇంగ్లీషు పటాలాలు కోలారు దాకా వచ్చాయి, ముళబాగిలు దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. మరాఠాలు వచ్చారు, పోయారు. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు పడిపోయాడు. 1802లో వారన్ అనే ఇంగ్లీషు అధికారి ఈ నేలలో బంగారం ఉందని విని వెతుక్కుంటూ వచ్చాడు. ఇదంతా తాతయ్య బతికి ఉండగానే జరిగింది. అయినా మా అవ్వ చెప్పే తాతయ్య కథల్లో ఒక్క యుద్ధమూ లేదు. గాజులు మాత్రం ఉన్నాయి.

గాజులమ్మడం అంటే మనకిప్పుడు అంగట్లో డబ్బా తెరిచి చూపించడం. అప్పట్లో అట్లా కాదు. గాజులను తాళ్ళకు గుచ్చి మలారం కట్టి, భుజాన వేసుకుని నడవాలి. అది బరువు, పైగా కాలు జారితే పెట్టుబడంతా చిట్లిపోతుంది. ఊళ్ళోకి రాగానే ఆడవాళ్ళు అరుగుమీద చేరతారు. గాజులాయన ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, పిడికిలి ముడిచి, నెమ్మదిగా నొక్కుతూ గాజు ఎక్కించాలి. పరాయి మగవాడు చెయ్యి పట్టుకోవడానికి ఊరు ఒప్పుకునేది ఆ ఒక్క పనికే. పెళ్ళి, సీమంతం, పండగ, దేనికైనా ఆయన రావాలి. మొగుడు పోయిన ఇంటి అరుగు దగ్గర మాత్రం మలారం దించడు. ఏ చెయ్యి కాయలు కాచిందో, ఏ చేతిమీద వాత ఉందో, ఏ చెయ్యి పోయిన ఏటికంటే సన్నబడిందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. డబ్బులు వెంటనే రావు. గింజలిస్తారు, లేదా కోతలప్పుడు ఇస్తామంటారు.

నారాయణప్ప ఈ వ్యాపారంలో ఏమాత్రం నిలదొక్కుకోలేదట. అప్పు అడగలేడు, బాకీ గుర్తు పెట్టుకోడు. చేతిలో మలారం, మనసులో అమర నారాయణుడు. ఇంట్లో భార్య మునెమ్మ, పిల్లలు. ఇక్కడే నాకు కథ చెప్పేవాళ్ళతో కొంచెం పేచీ ఉంది. హరికథలో అయినా, నాటకంలో అయినా మునెమ్మను గయ్యాళిగానే చూపిస్తారు. ఆమె తిట్టింది కాబట్టే తాతయ్యకు వైరాగ్యం వచ్చిందని, అది కూడా దైవలీలేనని సరిపెడతారు. జనం నవ్వుతారు. కానీ పొద్దున పోయిన మనిషి సాయంత్రం గాజులూ లేకుండా, గింజలూ లేకుండా తిరిగి వస్తే, పొయ్యిమీద ఏం పెట్టాలని ఆమె అడగడంలో తప్పేముంది? అడగకపోతే పిల్లలు పస్తే కదా. నాకు తాతయ్య అంటే భక్తి ఉంది, అయినా ఈ మాట వెనక్కి తీసుకోను.

ఒకరోజు పరదేశి స్వామి అనే గురువు ఎదురుపడ్డాడు. అష్టాక్షరి మంత్రం ఉపదేశించాడు. నోట్లో గులకరాయి పెట్టుకుని జపం చెయ్యమన్నాడని, అది ఎప్పుడు కలకండగా మారితే అప్పుడు సిద్ధి వచ్చినట్టని చెప్పాడని కథ. నారాయణప్ప మలారం దించాడు. కైవారం దగ్గర కొండలో నరసింహస్వామి గుహ ఉంది, అందులో కూర్చున్నాడు. మూడేళ్ళంటారు. రాయి కలకండ అయిందని అంటారు. అయిందో లేదో నేను వాదించను. మూడేళ్ళు నోట్లో రాయి పెట్టుకుని మాట్లాడకుండా ఉన్న మనిషి నోరు తెరిస్తే పాట వచ్చింది, అది మాత్రం అందరికీ తెలిసిందే.

ఇప్పుడు పాటగాళ్ళు బ్యాండ్ వదిలి సోలోగా పోతే వాళ్ళ వెనకాల అంతకుముందు సంపాదించిన పేరు ఉంటుంది, వినేవాళ్ళు ఉంటారు. గుహలోంచి వచ్చిన నారాయణప్ప వెనకాల ఏముంది? కులవృత్తి వదిలేశాడు. కాపురం చెదిరింది. రాజు కొలువు లేదు, పాలెగాడి ఆదరణ లేదు, పండితుల సభ లేదు. గాజులమ్మేవాడు వేదాంతం చెప్తే ఎవరు వింటారు? అయినా పాడాడు. గురువు గొప్పతనం, శ్వాస, శరీరం లోపలి యోగం, పైపై వేషాల మీద, కులభేదాల మీద ఎత్తిపొడుపు, ఇవీ ఆయన తత్వాల్లో ఉండేవి. అమర నారేయణ శతకం రాశాడు. నాదబ్రహ్మానంద నారేయణ కవి అని తన పేరు పాటలోనే పెట్టుకున్నాడు. నారాయణ అని రాయకుండా నారేయణ అని రాయడం నాకు భలే ఇష్టం. పొలంలో పనిచేసేవాళ్ళు పిలిచినట్టు ఉంటుంది.

కాలజ్ఞానం కూడా చెప్పాడు. పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలాగే దీన్నీ జనం ప్రతి కొత్త వింతకూ అన్వయించుకుంటారు. నాకు ఆ భాగం మీద అంత మోజు లేదు. రేపు ఏమవుతుందో చెప్పే తాతయ్య కంటే, ఇవాళ నీ లోపల ఏముందో చూసుకోమనే తాతయ్యే నాకు దగ్గర.

ఆయన కన్నడంలోనూ పాడాడు, కానీ తెలుగు పాటలు చాలా ఉన్నాయి. కన్నడ దేశంలో తెలుగేమిటని బయటివాళ్ళు అడుగుతారు. అదే కాలంలో త్యాగరాజు తమిళ దేశంలో, తిరువయ్యారులో కూర్చుని తెలుగులో కృతులు కట్టాడు కదా. తేడా ఏమిటంటే, త్యాగరాజుకు శిష్యులు దొరికారు, స్వరం రాసుకున్నారు, కచేరీలు వచ్చాయి. తాతయ్య పాట భజన గుడిలోనే ఉండిపోయింది. తెలుగు సాహిత్యం పుస్తకాలు అవతలి వైపు రాసుకున్నవి, వాటికి కైవారం దూరం. వేమనను నేను చిన్నప్పటి నుంచి పాఠంలో చదివాను, తాతయ్యను ఇప్పటిదాకా ఏ తెలుగు పాఠంలోనూ చదవలేదు. కర్ణాటక ప్రభుత్వం మాత్రం ఏటా ఆయన జయంతి జరుపుతోంది.

ఆషాఢ పౌర్ణమికి, అంటే గురుపూర్ణిమకు, కైవారంలో పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. పేరున్న విద్వాంసులూ వస్తారు, పల్లె భజన బృందాలూ వస్తాయి. తంబూర, తాళాలు, డోలక్కు. నలభై మంది ఒక్క గొంతుగా ఎత్తుకుంటారు. అన్నిటినీ వదిలి ఒంటిగా పోయిన మనిషి పాటలను ఇప్పుడు ఒంటిగా పాడేవాళ్ళు నాకు కనపడలేదు. ఆ బృందాల్లో సగం ఆడవాళ్ళే. మునెమ్మ ఊసు మాత్రం అక్కడ ఎవరూ ఎత్తరు.

1836లో తాతయ్య కైవారంలోనే సమాధి అయ్యాడు. నూటపది ఏళ్ళు బతికాడని లెక్క. ఆయన తెలుగు పాటలు ఈ వైపు ఎక్కువగా కన్నడ అక్షరాల్లో అచ్చయ్యాయి, ఎందుకంటే ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళం చదువుకున్నది కన్నడంలో. మా అవ్వ అట్లాగే చదువుతుంది. ఆమెకు తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. అమ్మ వైపు కన్నడం, నాన్న వైపు తెలుగు కాబట్టి నాకు రెండు లిపులూ వచ్చాయి. సెలవుల్లో అవ్వ పుస్తకం పక్కన పెట్టుకుని ఆ తత్వాలను తెలుగు అక్షరాల్లో ఎత్తి రాస్తున్నాను. ఇరవై ఆరు అయ్యాయి. కొన్ని మాటలకు అర్థం నాకు తెలియదు, నిఘంటువులో లేవు. అవ్వను అడిగితే ఆమెకూ తెలియదు, పాడి చూపిస్తుంది. అచ్చులో ఒకటి ఉంటుంది, ఆమె ఇంకొకటి పాడుతుంది. నేను రెండూ రాసి పెట్టుకుంటున్నాను.