అక్షరశిల్పి సెక్వోయా

చెరోకీ జాతివాడైన సెక్వోయా 1770 ప్రాంతమున, నేటి టెనెస్సీ రాష్ట్రమందలి టస్కీగీ గ్రామమున జన్మించెను. వృత్తి వెండిపని, ఒక కాలు కుంటి. ఆంగ్లము చదువుట ఎరుగడు. తెల్లవారి ఉత్తరములను చూచి, తన జాతికిని వ్రాత ఉండవలెనని సంకల్పించెను.

మొదట మాటకొక గుర్తు కల్పింపబోయి, అది తెమలని పనియని గ్రహించెను. పలుకునందలి ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క గుర్తు చాలునని తెలియుటకు ఏండ్లు పట్టినవి. గుణింతముతో పెరిగిన తెలుగువారికి ఈ కష్టము తోచదు. ఇరుగుపొరుగువారు దానిని క్షుద్రవిద్యయని శంకించిరి. 1821లో ఆయనను, చిన్న కుమార్తె అయోకాను పెద్దలు వేరువేరుగ నుంచి పరీక్షించిరి. ఒకరు వ్రాసినది మరియొకరు చదువగా శంక తీరెను.

అటుపిమ్మట జరిగినదే వింత. ఆ లిపికి బడి లేదు, జీతపు పంతులు లేడు. నేర్చినవాడు పొరుగువానికి నేర్పెను. కొలది యేండ్లలో పల్లెపల్లెకు వ్రాత ప్రాకెను. 1828లో న్యూ ఎకోటా నుండి చెరోకీ ఫీనిక్స్ పత్రిక ఆ లిపిలోను, ఆంగ్లములోను వెలువడెను.

1838-39లో అమెరికా ప్రభుత్వము చెరోకీలను స్వస్థలముల నుండి వెడలగొట్టగా వేలమంది మరణించిరి. పశ్చిమమున ముందే స్థిరపడినవారికిని, క్రొత్తగా వచ్చినవారికిని కలహము రేగెను. ముందువారిలో ఒకడయ్యును సెక్వోయా 1839లో సంధికి పాటుపడెను. చెదరిపోయిన తనవారిని వెదకుచు ముదిమిలో మెక్సికోకు పయనమై, 1843లో అచటనే కన్నుమూసెను.