ఉద్యోగం కోసం తిరిగిన ఓమ్

జాలరిపేటలో ఏదైనా పాత ఇంటి బయటున్న జంక్షన్ బాక్సు మూత తీసి చూడండి (మెయిన్ ఆపాకే సుమా). సముద్రపు ఉప్పుగాలికి రాగి జాయింట్ల మీద పచ్చగా చిలుము పట్టి ఉండటం మామూలే. అదే డబ్బాలోకి ఇంకో రెండు వైర్లు తెచ్చి కలపమంటే కలపొచ్చా? అసలు ఎన్ని జాయింట్లు పడతాయి? ఐటీఐ, డిప్లొమా చేసి పోర్టులోనో స్టీల్‌ప్లాంటులోనో పని వెతుక్కుంటున్న మీరు ఓమ్ సూత్రాన్ని టకీమని చెప్పేస్తారు. ఆ ఓమ్ కూడా సగం జీవితం మీలాగే ఉద్యోగం కోసం తిరిగినవాడే.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడి చదువు పెద్దగా లేకపోయినా సొంతంగా లెక్కలు నేర్చుకుని, కొడుకులకూ తనే నేర్పాడు. ఓమ్‌కి పదేళ్ల వయసులో తల్లి పోయింది. 1805లో యూనివర్సిటీలో చేరాక కుర్రాడు డాన్సులు, బిలియర్డ్స్, మంచు మీద స్కేటింగ్‌లో పడ్డాడు. తండ్రికి ఒళ్లు మండింది. చదువు మానిపించి స్విట్జర్లాండ్‌కి లెక్కల మాస్టారుగా పంపించేశాడు. మళ్లీ వచ్చి 1811లో డాక్టరేట్ తెచ్చుకున్నా, దొరికినవన్నీ చిన్న కొలువులే. బాంబెర్గ్‌లో చేరిన బడి కొన్నాళ్లకే మూతపడింది.

1817లో కొలోన్‌లో టీచరు పోస్టు వచ్చింది. అక్కడి బడిలో మంచి ల్యాబ్ ఉండటం అతని అదృష్టం. వైరు పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుందో కొలవాలనుకున్నాడు. ఆనాటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. అందుకే 1826లో బిస్మత్, రాగి కలిపిన జత తీసుకుని, ఒక కొసను మరిగే నీళ్లలో, రెండో కొసను మంచులో ఉంచాడు. కరెంటు నిలకడగా వచ్చింది. ఒకే మందం, వేర్వేరు పొడవులున్న రాగి తీగలు ఒక్కొక్కటే పెట్టి అయస్కాంత సూది ఎంత కదిలిందో రాసుకున్నాడు. లెక్కలో తీగ పొడవుతోపాటు ఇంకో అంకె తప్పకుండా వచ్చి కూర్చుంది. అది మిగతా సర్క్యూట్ వాటా. తీగను ఎంత కురచ చేసినా ఆ వాటా పోదు. మీ జాయింట్ కూడా ఆ వాటాలోదే.

1827లో పుస్తకం వేశాడు. యూనివర్సిటీలో పోస్టు వస్తుందనుకుంటే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కొలోన్ ఉద్యోగం వదిలేసుకుని బెర్లిన్‌లో ఒక సైనిక పాఠశాలలో వారానికి కొన్ని గంటల పాఠాలతో నెట్టుకొచ్చాడు. 1833లో నూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే స్వదేశంలోనూ విలువ పెరిగింది. కోరుకున్న యూనివర్సిటీ ప్రొఫెసర్ పదవి 1852లో మ్యూనిచ్‌లో వచ్చింది. రెండేళ్లకే, 1854లో చనిపోయాడు. 1881లో పారిస్ సభ నిరోధం ప్రమాణానికి అతని పేరే ఖాయం చేసింది.

పతకం వచ్చిన 1841లోనే ఇంగ్లండ్‌లో జూల్ ఇంకో లెక్క తేల్చాడు: వైరులో పుట్టే వేడి, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత. ఇప్పుడు మన డబ్బా దగ్గరికి రండి. చిలుము పట్టి వదులైన జాయింట్‌కి 0.1 ఓమ్ ఉందనుకోండి. 10 ఆంపియర్లు పోతే 10 వాట్ల వేడి. అలాంటివి రెండుంటే 20. మూసిన డబ్బాలో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెట్టినంత పని! వైర్లు కుక్కితే ఆ వేడి పోయే దారుండదు, ఇన్సులేషన్ కరుగుతుంది.

అందుకే అమెరికా నిబంధనల్లో జాయింట్లను కాదు, డబ్బాలోకి వచ్చే వైర్లను లెక్కిస్తారు. అక్కడి 12 గేజ్ వైరు ఒక్కోదానికి 2.25 ఘనపు అంగుళాల చోటు కావాలి. కండ్యూట్ బాడీ మీద తయారీదారు ఘనపరిమాణం ముద్రించి ఉండాలి, లేకపోతే అందులో జాయింటే వేయకూడదు. 16 అని ఉంటే, 16ని 2.25తో భాగించండి: ఏడు వైర్లు. మూడేసి వైర్లు కలిసే జాయింట్లు రెండు వేస్తే ఆరు అయిపోయాయి. ఇంకో వైరుకి చోటుంది. ఎనిమిదోది కూడా పెట్టాలంటే డబ్బా మార్చాల్సిందే.