మజిలీలు రాసిపెట్టిన వీరాస్వామయ్య గారు

శ్రీశైలం పోతే రాత్రి ఎక్కడ పడుకోవాలి? చేతిలో డబ్బులు తక్కువున్నవాళ్లకు మొదట వచ్చే దిగులు ఇదే. ఈ దిగులు తీరే సంగతులు మన కడప, కర్నూలు దారుల్లో తిరిగి కాగితం మీద పెట్టినాయన ఒకరున్నారు. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య గారు.

ఆయనది చెన్నపట్నం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంగ్లీషు బాగా నేర్చుకుని అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యారు. దుబాసీ అంటే ఒకరి మాటను ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పేవాడు. 1830 మే 18న కాశీకి బయలుదేరారు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. ఆయన పల్లకీలో, వెంట సుమారు నూరు మంది. తిరుపతి చూసుకుని ఒంటిమిట్ట, కడప, దువ్వూరు మీదుగా అహోబిలం చేరారు. తర్వాత మహానంది, ఆత్మకూరు. అక్కణ్ణించి నల్లమలలో పడి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి శ్రీశైలం ఎక్కారు. మన చెంచుల గురించి కూడా రాశారు.

గుడి గోపురాల గురించి ఎవరైనా రాస్తారు. ఈయన దిగిన ఊళ్లలో నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, సత్రమో చావడో ఉందా అని కూడా రాసుకున్నారు. ఎండాకాలం మన సీమలో నడిచినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. నీళ్లు లేనిచోట మజిలీ వేస్తే మొదట పడిపోయేది పల్లకీ మోసే బోయీలే కదా!

సత్రాలు ధర్మానికి కట్టినవే. కానీ అన్నీ అందరికీ కాదు. కొన్నింట్లో అన్నం బ్రాహ్మణులకే పెట్టేవాళ్లు, మిగతావాళ్లు బయట పొయ్యి పెట్టుకోవాలి. ఇంక కర్నూలు అప్పుడు నవాబుది. శ్రీశైలం పోయేవాళ్ల దగ్గర నవాబు పన్ను వసూలు చేసేవాడు. డబ్బు తీసుకుంటూ గుడిని పట్టించుకోవడం లేదని వీరాస్వామయ్య గారు బాధపడ్డారు.

తక్కువ డబ్బుతో ఎవరైనా దిగే యూత్ హాస్టళ్లు ఆ తర్వాత చాలా కాలానికి వచ్చాయి. వాటి పుట్టుక కూడా బళ్లోనే. 1909లో జర్మనీలో షిర్మన్ అనే పంతులు పిల్లలతో నడకయాత్ర పోతుంటే పెద్ద గాలివాన పట్టుకుంది. ఒక బడిలో తలదాచుకున్నారు. ప్రతి ఊళ్లో ఇట్లాంటి చోటు ఉంటే బాగుండునని ఆ రాత్రే ఆయనకు తోచింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి హాస్టలు తెరిచారు.

వీరాస్వామయ్య గారు కాశీ, గయ, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. దారిలో రాసుకున్నదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతూ వచ్చారు. 1836లో ఆయన చనిపోయారు. రెండేళ్లకు, 1838లో, ఆ స్నేహితుడే దాన్ని కాశీయాత్ర చరిత్ర అని అచ్చువేయించాడు. పాపం, ఆయన తన పుస్తకం చూసుకోలేదు.

శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం నడిచిపోయేవాళ్లు ఇప్పటికీ నాగలూటి మీదుగానే వస్తారు. పెద్దచెరువు దగ్గర మూటలు దించి నీళ్లు తాగుతారు.