మన్రో దొర పోలీసు

మన పావగడకు దాదాపు చుట్టూరా ఉండేది ఆంధ్ర నేలే. ఆ అనంతపురం సీమలో ఒకప్పుడు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. సర్ థామస్ మన్రో అంటే జనానికి అంత గురి. రైత్వారీ పన్ను సంగతి మనం చదివిందే. ఆయన పోలీసు సంగతి అంతగా చెప్పుకోము.

1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కుంపిణీ సిపాయిగిరీకి మద్రాసు వచ్చాడు. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరై, 7 ఏళ్లు గుడారాల్లో ఊరూరా తిరిగాడు, పాళెగాళ్లను అణిచాడు. (పావగడ అప్పుడు మైసూరు కింద ఉండింది.)

1802లో మద్రాసు రాజధానికి బెంగాల్ పద్ధతి తెచ్చారు. పన్ను కలెక్టరుకు, నేరాల విచారణ జిల్లా జడ్జికి, దొంగల్ని పట్టేది జీతగాడైన దారోగా. కాగితం మీద బాగుంది. కానీ జడ్జి ఎక్కడో దూరాన, దారోగా ఊరికి కొత్త. ఏ రాత్రి ఏ దారిన ఎవడు పోయాడో తెలిసింది తలారికి. వాడినేమో ఎవరూ అడగరు!

1814లో న్యాయ కమిషన్‌కు పెద్దగా తిరిగొచ్చిన మన్రో దీన్ని మార్చాడు. 1816 రెగ్యులేషన్లతో దారోగాలు పోయారు. రెడ్డి, కరణం, తలారి మళ్లీ కాపలాకు వచ్చారు. చిన్న తగాదాలు ఊళ్లోనే తీరాయి. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. అయితే మేజిస్ట్రేటు అధికారం, పోలీసు రెండూ కలెక్టరు చేతికే ఇచ్చాడు. పన్ను వసూలు చేసేవాడే పట్టేవాడు, శిక్షించేవాడూ అయ్యాడు. నా మటుకు ఆయన పొరపాటు ఇదే. తనలాంటి కలెక్టరే ఎల్లకాలం ఉంటాడనుకున్నాడేమో.

గవర్నరుగా ఉండగా, 1827 జూలైలో, దత్తమండలాలను చివరిసారి చూసిపోదామని వచ్చి పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు.

1855లో మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదిక వచ్చింది. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టడం, కిట్టికర్రల మధ్య వేళ్లు నొక్కడం, నేరం ఒప్పించడానికీ అవే పద్ధతులు. చేసినవాళ్లు చాలావరకు ఆ రెండు పనులూ ఒకే చేత చేసే కింది నౌకర్లే. దాని తర్వాత 1859 చట్టంతో పోలీసు శాఖ వేరైంది. విచారించే పని కలెక్టర్ల నుంచి విడిపోయి దేశమంతా కోర్టులకు చేరేసరికి 1974 వచ్చింది. గొడవలు కాకుండా ముందే ముచ్చలికె రాయించుకునే అధికారం మాత్రం రెవెన్యూలో మిగిలింది. మన తహశీల్దారు ఇప్పటికీ తాలూకా మేజిస్ట్రేటే.